తూర్పు గంప

తుమ్మలమిట్ట జట్టు గెలవగా చూసినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మైదానం పక్క రాళ్ళగుట్ట మీద మూడో వరసలోనే కూర్చుంటున్నాను, నేనే ఒక్కసారి తప్ప చూడలేదు. నేను ఉడతని కాబట్టి ఒకచోట కుదురుగా ఉండలేనని అంటారు. మా జట్టు ఆడుతుంటే కొండచిలువ కూడా కుదురుగా ఉండలేదు, ఆ సంగతి మాత్రం ఎవరూ అనరు.

మా మిట్ట ఎర్రమట్టి నేల. తుమ్మచెట్లు తప్ప నీడ లేదు. మైదానానికి తూర్పు కొసన ఒక తాడిచెట్టు, పడమటి కొసన ఒక తాడిచెట్టు. రెండింటికీ అడుగు ఊడగొట్టిన ఈత గంపలు కట్టి ఉంటాయి. తాటిపీచు చుట్టి చేసిన బంతిని ఎదుటివాళ్ళ గంపలో వెయ్యాలి, మన గంపలో పడకుండా చూసుకోవాలి. ఈ ఆటని గంపబంతి అంటారు. ఇంత చిన్న సంగతి మా జట్టుకి తొమ్మిదేళ్ళపాటు చేతకాలేదు.

జట్టులో ముందు చెప్పుకోవాల్సింది ఎద్దు గవరయ్య గురించి. ఒకప్పుడు గానుగ తిప్పి వచ్చినవాడు. ఒక దారి చూపిస్తే మళ్ళీ చెప్పేదాకా ఆ దారే, పక్కకి చూడడు. ముళ్ళపంది ఒకడున్నాడు, వాడు పట్టుకున్న బంతి మళ్ళీ ఎవరికీ పనికిరాదు. అసలైన ఆటగాడంటూ ఉన్నది కొండముచ్చు లచ్చన్న ఒక్కడే. వీళ్ళందరికీ జట్టు పెద్ద నక్క సూరప్ప. ఎవరు ఆడాలో, ఎలా ఆడాలో అంతా ఆయన మాటే. ఓడిన ప్రతిసారీ ఆయన మాకు చెప్పేది ఒకటే: "వచ్చే ఏడు చూడండి."

ఆ వచ్చే ఏడు కోసమే ఆయన మూడేళ్ళ కిందట మా లేడిని పెద్దడవి జట్టుకి ఇచ్చేశాడు. బంగారం లాంటి పిల్ల, గాలిలో ఎగిరి బంతి వేసేది. బదులుగా ఒక దుప్పికి పుట్టబోయే ఇద్దరు పిల్లల్ని ఇస్తామని మాట తీసుకున్నాడు. ఆ దుప్పికి ఇంకా పెళ్ళే కాలేదు.

మేం ఊరుకున్నామా? ఊరుకోలేదు. మైదానం ఒడ్డున అడుగుబండ అని ఒక రాయి ఉంది. సగం ఆట అయ్యాక జట్టు పెద్ద ఆ బండ ఎక్కి నిలబడాలి, చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఎవరైనా ఒకరు ఒక ప్రశ్న వెయ్యొచ్చు. ప్రశ్న పూర్తిగా విని, జవాబు చెప్పేదాకా ఆయన బండ దిగకూడదు. దిగితే పెద్దరికం పోయినట్టే. మా తాతల నాటి కట్టుబాటు అది, ఓడిపోయేవాళ్ళకి మిగిలిన ఒకే ఒక్క హక్కు. సూరప్పకి అది భలే ఇష్టం. "ఎందుకు ఓడుతున్నాం?" అని మేం అడగడం, ఆయన తోక సర్దుకుని చక్కగా మాట్లాడ్డం, మేం తలూపుకుంటూ ఇంటికి పోవడం. తొమ్మిదేళ్ళూ అదే తంతు.

పదో ఏడు మాత్రం వ్యవహారం ముదిరింది. చివరి ఆట ఒక్కటే మిగిలింది, అప్పటికి ఒక్క గెలుపూ లేదు. పదేళ్ళు వరసగా ఒక్క ఆటా గెలవని జట్టుకి సొంత మైదానం తీసేస్తారు. ఆ పైన వాళ్ళు పెద్దడవిలోనే ఆడుకోవాలి. పెద్దడవి మూడు రోజుల నడక. దారిలో చిరుతపులి ఉంటాడు, ఆయనకి ఆటలంటే ఆసక్తి లేదు, చూడ్డానికి పోయేవాళ్ళంటే మాత్రం చాలా ఆసక్తి. మైదానం పోతే మాకు జట్టు పోయినట్టే.

ఆ ఆటకి ముందురోజు సూరప్పని చుట్టుముట్టాం. ముందు నిలబడి అడిగింది మేక పోలమ్మ. పోలమ్మంటే మొదటి వరస. తొమ్మిదేళ్ళలో ఒక్క ఆట తప్పలేదు. ఏ ఆట ఎలా పోయిందో, ఎవరి కాలు ఎక్కడ జారిందో అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

"సూరప్ప గారూ, రేపు గెలుస్తామా లేదా?"

"అమ్మా పోలమ్మా, గెలిస్తే ఏమొస్తుంది?"

"మైదానం దక్కుతుంది."

"మైదానమంటే మట్టి. ఓడితే ఏమొస్తుందో తెలుసా? అట్టడుగున ఉన్న జట్టుకి కొత్త ఆటగాళ్ళని ముందుగా ఏరుకునే హక్కు. ఈ ఏడు వరసలో ఎవరున్నారు? ఏనుగు గున్న! తొండం ఎత్తితే చాలు, గంప అందుతుంది. ఎగరక్కర్లేదు, దూకక్కర్లేదు."

"చవిటిపర్ర వాళ్ళు కూడా గున్న కోసమే కాచుక్కూర్చున్నారుగా?" అన్నాను నేను. రేపటి ఆట వాళ్ళతోనే. వాళ్ళూ మా లాంటి వాళ్ళే, ఈ ఏడు ఒకే ఒక్క ఆట గెలిచారు, అదీ మా మీద. రేపు మేం గెలిస్తే ఇద్దరికీ ఒక్కో గెలుపు. అలా సమానమైతే చివరి ఆట ఓడినవాళ్ళదే అట్టడుగు.

"అందుకేరా ఉడతా, మనం జాగ్రత్తగా ఉండాలనేది," అన్నాడు సూరప్ప. "వాళ్ళు మనకంటే ముందు ఓడిపోతే కొంప మునుగుతుంది."

నా చెవులు నేనే నమ్మలేదు. తొమ్మిదేళ్ళు ఓడిపోతున్నారని ఏడ్చాను, అది చేతకాక అనుకున్నాను. ఇప్పుడు కావాలని ఓడతారట! రాత్రంతా కొమ్మ మీద అటూ ఇటూ పరిగెడుతూనే ఉన్నాను, మా ఆవిడ తిట్టింది కూడా.

తెల్లారి పోలమ్మ మేతకి సూరప్ప బొరియ వైపు వెళ్ళింది. అక్కడ సూరప్ప పెళ్ళాం సామాను మూట కట్టి, పిల్లల్ని ముందు నడిపించుకుంటూ బయల్దేరుతోంది.

"ఎక్కడికమ్మా పొద్దున్నే?"

"పెద్దడవికి వదినా. జట్టుతోపాటు మేమూ అక్కడికే కదా. ఇల్లు కుదిరింది, పక్కనే అడవికోళ్ళ గుంపు కూడా ఉందట," అంది ఆ వెర్రిబాగుల తల్లి.

పోలమ్మ మేత మాట మరిచిపోయింది. గున్నా లేదు, భవిష్యత్తూ లేదు. వీడికి కోళ్ళ పక్కన కాపురం కావాలి! నేరుగా గవరయ్య దగ్గరకి పోయింది. గవరయ్య ఒంటరిగా నిలబడి నేల కేసి చూస్తున్నాడు.

"మావా, సూరప్ప నీకేం చెప్పాడు? మాట మాటగా చెప్పు."

"'గవరయ్యా, ఇవాళ బంతి తూర్పు గంపలోనే వెయ్యి. నేను మళ్ళీ చెప్పేదాకా అంతే' అన్నాడు."

"తూర్పు గంప మనదే కదా?"

"మనదే." గవరయ్య గిట్టతో మట్టి గీరాడు. "మన గంపలో మనమే వేసుకోవడం ఏమిటి పోలమ్మా? పదేళ్ళుగా కాస్తున్నాను దాన్ని. సరిగ్గా కాయలేకపోయాను, నిజమే, కాని కాశాను."

"అయితే వెయ్యకు."

"జట్టు పెద్ద చెప్పాక చెయ్యకపోవడం నాకు తెలీదు తల్లీ. నాకు వచ్చింది అదొక్కటే."

పోలమ్మ కాసేపు నెమరేసింది. "'మన గంపలో వెయ్యి' అని అన్నాడా, 'తూర్పు గంపలో' అన్నాడా?"

"తూర్పు అనే అన్నాడు. మన గంప అనడానికి ఆయనకీ నామోషీ అయ్యుంటుంది."

"మళ్ళీ చెప్పేదాకా అన్నాడు కదూ?"

"అన్నాడు."

"సరే మావా. ఆయన చెప్పినట్టే చెయ్యి, ఒక్క ముక్క తేడా రానీకు," అంది పోలమ్మ. గవరయ్య ఆవిడ కేసి అయోమయంగా చూశాడు. ఆవిడ అప్పటికే గుట్ట వైపు నడుస్తోంది.

మధ్యాహ్నం ఆట మొదలైంది. తీర్పరి గుడ్లగూబ. పగటిపూట ఆటకి గుడ్లగూబని తీర్పరిగా పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలీదు. ఆయన కళ్ళు మూసుకునే ఉంటాడు, బంతి గంపలోంచి కింద పడ్డ చప్పుడు విని "హూ" అంటాడు, అంతే.

అలాంటి ఆట నా జన్మలో చూడలేదు, చూడను. మావాళ్ళు బంతి తీసుకుని మా తూర్పు గంప మీదికి పరిగెత్తారు. వెంటనే చవిటిపర్ర బర్రెలు ఉరుక్కుంటూ వచ్చి మా గంపకి అడ్డం పడ్డాయి, మేం మా గంపలో వేసుకోకుండా! వాళ్ళకి బంతి దొరికితే వాళ్ళు వాళ్ళ పడమటి గంప మీదికి పరిగెత్తడం, మావాళ్ళు పోయి అక్కడ అడ్డం పడ్డం. ఒడ్డున చవిటిపర్ర పెద్ద, కొంగ బైరాగి, ఒంటికాలి మీద నిలబడి "మన గంప! మన గంప!" అని అరుస్తున్నాడు. ఆయనకి ఆమాత్రం సిగ్గు కూడా లేదు.

మా వరసల్లో ఒకటే గోల.

"ఏంటిది, వీళ్ళకి పిచ్చి పట్టిందా?"

"లచ్చన్నా! అది మన గంపరా నాయనా!"

"నేను పోతున్నాను, నాకు చూడ్డం వల్ల కాదు," అంటూ ముసలి తాబేలు లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. నేను రాయి మీంచి రాయి మీదికి ఎన్నిసార్లు దూకానో లెక్కలేదు. అందరం తిడుతున్నాం, ఎవరం ఇంటికి పోవడం లేదు. మా జాతి లక్షణం అది.

సగం ఆట అయ్యేసరికి చవిటిపర్రకి నాలుగు, మాకు ఒకటి. నాలుగూ మా గంపలో మావాళ్ళు వేసినవే. సూరప్ప ముఖం వెలిగిపోతోంది.

గుడ్లగూబ "హూ, హూ" అన్నాడు. సగం ఆట అయితే గంపలు మారతాయి. అంటే ఇక తూర్పు గంప చవిటిపర్రది, పడమటిది మాది. సూరప్ప హుషారుగా గవరయ్య వైపు రెండడుగులు వేశాడు.

"సూరప్ప గారూ!" పోలమ్మ లేచి నిలబడింది. "నాదొక ప్రశ్న."

ఆయన ఆగాడు. చుట్టూ మేమంతా చూస్తున్నాం. తప్పదు కదా, బండ ఎక్కాడు. "అడుగమ్మా, చప్పున అడుగు."

"తొమ్మిదేళ్ళ కిందట, మొదటి ఆట. గవరయ్య మావ కొమ్ముకి బంతి గుచ్చుకుని ఊడి రాలేదు. ఊడేసరికి ఆట అయిపోయింది. అప్పుడు మీరు వచ్చే ఏడు చూడమన్నారు. అవునా?"

"అవును. జవాబు చెప్పేశాను." సూరప్ప కాలు కింద పెట్టబోయాడు.

"అది ప్రశ్న కాదండీ. ప్రశ్న ముందుంది," అని పోలమ్మ దవడ ఆడించడం మొదలెట్టింది. నెమరేస్తున్నప్పుడు మేకని తొందర పెట్టలేం కదా. నిమిషం పాటు నమిలి, మింగి, మళ్ళీ అందుకుంది. "రెండో ఆట పాలగుమ్మి వాళ్ళతో. ఆరోజు మంచి ఎండ."

"ఎండ కాదక్కా, వాన!" అన్నాను నేను పట్టలేక. "మైదానమంతా బురద, లచ్చన్న జారి మూడు పల్టీలు కొట్టాడు!"

"అది మూడో ఆటరా," అంది తాబేలు. "రెండో ఆటలో ముళ్ళపంది బంతి మీద పడుకున్నాడు."

"కానే కాదు!"

గుట్టంతా రెండు వర్గాలైపోయి కొట్లాటకి దిగాం. ప్రతి ఓటమీ ఎవరికి వాళ్ళం నిన్న జరిగినట్టు చెబుతున్నాం. పోలమ్మ ఓపిగ్గా అందరి మాటా విని, "సరే, వానే అనుకుందాం," అని మళ్ళీ నెమరుకి దిగింది.

అవతల గుడ్లగూబ "హూ" అన్నాడు. మిగతా సగం మొదలైంది.

"పోలమ్మా! ప్రశ్న త్వరగా కానీ!" సూరప్ప గొంతు మారింది.

"ఇంకా నాలుగో ఆటలోనే ఉన్నానండీ. మీరు లేడిని పంపేసిన ఏడు ఇంకా రాలేదు. అక్కడ చాలా చెప్పాలి."

గవరయ్య బంతి తీసుకుని, తలొంచుకుని, తూర్పు గంప వైపు నడిచాడు. ఎవరూ అడ్డం రాలేదు. వేశాడు. "హూ." అది మాకే!

ఇప్పుడు చవిటిపర్ర వాళ్ళ సంగతి వినండి. బైరాగి వాళ్ళకి చెప్పింది మన గంపలో వెయ్యమని. ఇప్పుడు వాళ్ళ గంప ఏది? తూర్పుదే. బాతులు బంతి తీసుకుని రివ్వున వచ్చి తూర్పు గంపలో వేశాయి. "హూ." అదీ మాకే! ఆ గంపకి కాపలా లేదు, అడ్డం లేదు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ పోటీపడి ఒకే గంపలో వేస్తున్నారు. బైరాగి ఆనందానికి హద్దు లేదు, రెండో కాలు కూడా కింద పెట్టేశాడు.

సూరప్పకి బండ మీద పూనకం వచ్చినట్టయింది. "గవరయ్యా! పడమర! పడమటి గంప!"

గవరయ్య చెవి ఇటు తిప్పాడు. "ఏమంటున్నారండీ?"

అప్పుడు పోలమ్మ నమలడం ఆపి, మా వైపు తిరిగి ఒకే ఒక్క మాట అంది. "అరవండి!"

మాకు రెండోసారి చెప్పాలా? తొమ్మిదేళ్ళ అరుపు గొంతుల్లో నిలవుంది. మూడు వరసలూ లేచి అరిచాం. నా గొంతెంతని, అయినా తోక నిక్కబొడిచి, గుండెలు పగిలేలా అరిచాను. కాకులు అరిచాయి, కోతులు ఈలలేశాయి. సూరప్ప నోరు కదలడం కనిపిస్తోంది, మాట ఒక్కటీ వినపడ్డం లేదు. తోకతో పడమర చూపించాడు. లచ్చన్న చూశాడు, నాకు తెలుసు చూశాడని. చూసి, చంక గోక్కుని, బంతి గవరయ్యకి విసిరాడు.

ఆట ముగిసే ముందు గవరయ్య గంప కింద ఆగి లచ్చన్నని అడిగాడట. "అబ్బాయ్, ఇప్పుడిది మన గంప కాదు కదా?"

"కాదు మావా."

"అంటే... మనం గెలుస్తున్నామా?"

"ఎప్పట్నించో."

ఆ ముసలి ఎద్దు అక్కడే నిలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే కొమ్ముతో బంతి ఎత్తి, పదేళ్ళలో ఎప్పుడూ వెయ్యనంత సూటిగా వేశాడు. "హూ" అన్నాడు గుడ్లగూబ, ఒక కన్ను తెరిచి మరీ. మాకు పదహారు, వాళ్ళకి నాలుగు.

అరుపు ఆగిపోయింది. గెలిస్తే ఏం చెయ్యాలో మాకెవరికీ తెలీదు. తాబేలు అలవాటు కొద్దీ "ఛీ, దరిద్రం" అని లేచి ఇంటికి బయల్దేరింది, నాలుగడుగులు వేశాక గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

ఆ నిశ్శబ్దంలో పోలమ్మ ప్రశ్న ముగించింది. "అందుచేత సూరప్ప గారూ, నేను అడిగేదేమిటంటే, పొద్దున మీ ఆవిడ సామాను కట్టుకుని పెద్దడవికి ఎందుకు వెళ్ళింది?"

తొమ్మిదేళ్ళు ఏది అడిగినా టకటకా చెప్పిన నోరు. ఇప్పుడు తోక కొస నములుతోంది. గవరయ్య కూడా వచ్చి బండ ముందు నిలబడ్డాడు.

"సూరప్ప గారూ, మీరు చెప్పినట్టే చేశానండీ," అన్నాడు. నిజంగానే మెప్పు కోసం అన్నాడు, ఎత్తిపొడుపు కాదు. అదే ఎక్కువ తగిలింది.

సూరప్ప జవాబు చెప్పకుండానే బండ దిగాడు. దానితో పెద్దరికం పోయింది. జట్టు లేని నక్క పెద్దడవి వాళ్ళకి ఎందుకు? కుదిరిన ఇల్లు కూడా వాళ్ళు ఇంకెవరికో ఇచ్చేశారు. వారం తిరిగేసరికి ఆయన పెళ్ళాం మూట నెత్తిన పెట్టుకుని పిల్లలతో తిరిగొచ్చింది, దారి పొడుగునా మొగుణ్ణి తిడుతూ. ఏనుగు గున్న చవిటిపర్ర వెళ్ళింది. అక్కడి బురద దానికి తెగ నచ్చిందట, ఆట రోజున కూడా అందులోంచి లేవడం లేదని బైరాగి ఇప్పటికీ తల కొట్టుకుంటున్నాడు.

ఇక మేమంటారా? లచ్చన్నని జట్టు పెద్దని చేశాం. కొత్త ఏడు మొదటి రెండు ఆటలూ ఓడిపోయాం. అడక్కండి. మూడోది ఒక్క బంతి తేడాతో పోయింది, అదీ మా మైదానంలో, మా కళ్ళెదుట. సూరప్పకి శిక్ష ఏమిటంటే ప్రతి ఆటా మొదటి వరసలో పోలమ్మ పక్కన కూర్చుని చూడాలి. ఆరోజు చివరి బంతి గంప అంచుకి తగిలి బయట పడ్డప్పుడు, ఆయన తనకి తెలీకుండానే లేచి నిలబడి, "ఒరే గవరయ్యా, ఇంకాస్త ఎత్తి వెయ్యరా నీ అసాధ్యం కూలా!" అని గావుకేక పెట్టాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, నేను చూశాను.

"కూర్చో సూరప్పా, వెనకవాళ్ళకి కనపడ్డం లేదు," అంది పోలమ్మ.

ఓడిపోయే జట్టుని జనం ఎన్నేళ్ళయినా భరిస్తారు, ఓడిపోదామనుకునే జట్టుని ఒక్క పూట కూడా భరించరు.